సెకండ్ హ్యాండ్‌లో నైట్ విజన్ కొన్నా, ఆర్మీ మాలేమో అని అనుమానం. ఇండియాకి తీసుకుపోవచ్చా?

చెనిక్కాయ కొడుకు రాసింది:

అన్నలకి, అక్కలకి నమస్కారం. పోస్టు పెద్దది, కొంచెం ఓపిక పట్టండి.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దిక్కు ఒక పల్లె. నేను డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. హెచ్-1బీ మీద ఆరో ఏడు, గ్రీన్‌కార్డ్ లైన్లో కూర్చోనుండా. నాయన ఇంకా సేద్యం వదల్లేదు. నాలుగెకరాల చెనిక్కాయ. ఊడలు దిగి కాయ పట్టినప్పటి నుంచి అడివి పందులతో ఒకటే రచ్చ. ఒక్క రాత్రిలో అరెకరా దున్నినట్టు చేసి పోతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టినాడు, డబ్బాలు కొట్టినాడు, టపాసులు కాల్చినాడు. పోయినేడు మంచె దిగి చీకట్లో పందుల వెంట పరిగెత్తి గుంతలో కాలు పడి మడమ బెణికింది. రెండు నెలలు మంచం. వయసు 68.

అందుకే నాకొక ఐడియా వచ్చింది. మంచె మీద కూర్చునే చీకట్లో పందులు యాడున్నాయో కనపడేది ఒకటి తీసుకుపోయి ఇస్తే, దిగి పరిగెత్తే పని ఉండదు కదా అని. నైట్ విజన్ మంచివి షాపుల్లో మూడు వేల డాలర్లు పైనే. పైగా సిటిజనా, గ్రీన్‌కార్డా అని అడుగుతారు. అప్పుడే ఒక సెకండ్ హ్యాండ్ యాప్‌లో కనపడింది: ఒంటికన్ను నైట్ విజన్, బాగా పనిచేస్తుంది, క్యాష్ మాత్రమే, కొరియర్ చెయ్యను. రేటు 1,100. యాడిది అని మెసేజ్ పెడితే ‘డిప్లాయ్‌మెంట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నా’ అన్నాడు, అంటే ఆర్మీ డ్యూటీ మీద బయటికి పంపినప్పుడు. నాకు అదృష్టం అనిపించింది. అంతే.

శనివారం రెండున్నర గంటలు డ్రైవ్ చేసి పోయినా, ఒక ఆర్మీ బేస్ పక్కనున్న ఊరు. పేరు రాయను. గ్యాస్ స్టేషన్ వెనక కలుద్దామన్నాడు. పిల్లోడు, ఇరవై రెండు దాటవు, క్రాపు చూస్తే సిపాయే. ట్రక్కు దిగలేదు. అద్దంలో వెనక్కి చూసుకుంటా కిటికీలోంచే ఇచ్చినాడు. ఆకాశం దిక్కు పెట్టి చూస్తే పచ్చగా నక్షత్రాలు, నా జన్మలో అన్ని నక్షత్రాలు చూడలేదు. డబ్బులిచ్చేసి వచ్చినా.

ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద పెట్టి చూస్తే అప్పుడు భయం మొదలైంది. ఒక పక్క చిన్న రేకు లేబుల్, దాని మీద 5855 తో మొదలయ్యే పదమూడంకెల నంబరు. దాని కింద సీరియల్ నంబరు ఉండాల్సిన చోట బ్లేడుతో గీకినట్టుంది, చివరి రెండంకెలు మాత్రం మిగిలినాయి. ఇంకో పక్క చిన్న చదరం స్టిక్కరు పీకేసిన జిగట. మా ఆవిడ ఖాకీ రంగు పౌచ్ తిరగేసి ఫ్లాప్ లోపల చూపించింది. నల్ల మార్కరుతో ఒక ఇంటిపేరు, పక్కన నాలుగంకెలు. ‘ఇది అమ్మినోడి పేరు కాదు కదా’ అంది. కాదు. యాప్‌లో పేరు వేరే.

రెండు రోజుల తర్వాత చూస్తే యాప్‌లో ఆ మనిషి ప్రొఫైలే లేదు.

నా ప్రశ్నలు ఇవి. ఇది దొంగ మాలని తెలియక కొన్నా, నాకు కేసు అవుతుందా? సెప్టెంబర్లో వినాయక చవితికి ఊరికి పోతున్నా, చెకిన్ బ్యాగులో పెడితే ఏమవుతుంది? ఒకవేళ వద్దనుకుంటే ఇంకొకరికి అమ్మేసి నా 1,100 తెచ్చుకోవచ్చా? నాయనకి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇర్వింగ్ బావ రాసింది:

బ్రో, అంత టెన్షన్ ఎందుకు. టెక్సాస్ గన్ షోలకి వెళ్తే ఆర్మీ సామాను గుట్టలు గుట్టలు అమ్ముతారు. బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టేయ్, నేను రెండు సార్లు డ్రోన్ తీసుకెళ్ళా, ఎవడూ అడగలేదు. వద్దనుకుంటే ఈబేలో 2,500 కి పెట్టు, లాభమే. సీరియల్ నంబర్ లేదు కదా, ఎవడు కనిపెడతాడు?

సప్లై రూమ్ 92వై రాసింది:

తమ్మీ, పైన బావ చెప్పిన మూడు ముక్కల్లో ఏ ఒక్కటి చేసినా నీ పని అయిపోయినట్టే. ముందు అది మర్చిపో.

నేను వకీలును కాదు. మాది జగిత్యాల దగ్గర. మాస్టర్స్‌కి వచ్చి 2010లో మావ్నీ ప్రోగ్రామ్ కింద హిందీ పరీక్ష రాసి అమెరికా ఆర్మీల చేరిన. గ్రీన్‌కార్డ్ లేకున్నా భాష వచ్చిన వాళ్ళను తీసుకుని సిటిజన్‌షిప్ ఇచ్చిన ప్రోగ్రామ్ అది, 2016ల ఆపేసిండ్రు. ఎనిమిదేండ్లు చేసిన, అంతా సప్లై రూమ్‌లనే. 92వై అంటే గదే, సామాన్ల లెక్కలు చూసేటోడు. తుపాకి పట్టింది తక్కువ, క్లిప్‌బోర్డు పట్టింది ఎక్కువ. కాబట్టి ఈ ఒక్క విషయంల నా మాట విను.

నీ చేతిల ఉన్న ముక్క సంగతి చెప్త. ఆర్మీల ప్రతి సామాన్‌కి పదమూడంకెల స్టాక్ నంబర్ ఉంటది. మొదటి నాలుగంకెలు ఆ సామాన్ కులం అనుకో. 8970 అంటే తిండి పొట్లాలు. 8415 అంటే పని బట్టలు. 8470 అంటే వంటికి తొడిగే కవచాలు. 1240 అంటే గురి చూసే అద్దాలు. 5855 అంటే నైట్ విజన్. ఆ నంబర్ ఉన్నంత మాత్రాన దొంగదని కాదు, గది తెల్సుకో. కంపెనీ అదే మోడల్ బయట కూడ అమ్ముతది, సర్కారు వేలంల పోయిన పాత సామాన్ మీద కూడ నంబర్ ఉంటది. నన్ను భయపెట్టింది నంబర్ కాదు, గీకిన సీరియల్. పీకేసిన ఆ చదరం స్టిక్కర్ ఉన్నది చూడు, స్కానర్ పెట్టి చదివే గుర్తింపు లేబుల్ అది. తనదైన వస్తువు మీద ఎవ్వడూ నంబర్ గీకడు.

బట్టలు, బూట్లు వేరు. యూనిఫాం కోసం సిపాయికి ఏటా అలవెన్స్ వస్తది, అది వాని సొంతం, దిగిపోయినంక అమ్ముకున్నా ఎవ్వడూ అడగడు. గన్ షోల గుట్టలు పోసేది ఎక్కువ అసుంటియే. కానీ హెల్మెట్, కవచం, పెద్ద బ్యాగు, చలి కోటు, గియన్నీ ఇష్యూ సెంటర్‌ల సంతకం పెట్టి తీసుకునేటియి, పోయేటప్పుడు వాపస్ ఇచ్చేటియి. ఇంకో మాట చాలామందికి తెల్వది. సిపాయి ఒకటి పోగొట్టి, దాని పైసలు జీతంల కట్ అయినా సరే ఆ వస్తువు వానిదైపోదు. రేపు దొరికితే వాపస్ ఇయ్యాలె, వాని పైసలు వానికి ఇస్తరు. ‘డబ్బులు కట్టిన కాబట్టి నాదే’ అని అమ్మెటోళ్ళు మస్తు మంది ఉన్నరు, అది చెల్లదు. ఇగ నైట్ విజన్ అయితే తుపాకుల గదిల తాళం కింద ఉంటది. ‘డిప్లాయ్‌మెంట్ నుంచి తెచ్చుకున్న’ అనే మాటే లేదు. తుపాకి తెచ్చుకున్న అన్నట్టు ఉంటది.

ఒక ముచ్చట చెప్త. ఒకసారి ట్రైనింగ్‌కి అడవికి పోయినం. పొద్దున లెక్కల ఒక మోనాక్యులర్ తక్కువ వచ్చింది, అచ్చం నీ దగ్గరున్న అసుంటిదే. కంపెనీ మొత్తం ఆగిపోయింది. నూరు మందికి పైన, వంటోళ్ళతో సహా, భుజానికి భుజం ఆనించి లైన్‌గా గడ్డిల నడిచినం. వాన. రెండు రాత్రులు ఎవ్వరినీ ఇంటికి పోనియ్యలే. ఒకాయన పెండ్లాం కాన్పు ఉండె, ఆయన ఒక్కన్నే పంపిండ్రు. ఆఖరికి హమ్‌వీ అనే ఆర్మీ బండి సీటు కింద ఇరికిన కాడ దొరికింది. లెక్కల పుస్తకం నా చేతిలనే ఉండె కాబట్టి ఆ రెండు రోజులు నా గుండె నా చేతిల లేదు. నువ్వు కొన్న దాని కోసం కూడ ఏదో ఒక కంపెనీ గట్ల నడిచే ఉంటది. ఫ్లాప్ మీద పేరున్నదన్నవు కదా. ఇంటిపేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్‌ల చివరి నాలుగంకెలు, మేం సామాన్ల మీద గట్లనే రాసుకునేది. ఆ పేరున్న పిల్లగాడు దొంగ కాకపోవచ్చు. వాని దగ్గరనుంచి పోయి ఉండొచ్చు. వాని జీతం కట్ అయితున్నదేమో కూడ.

ఇది కొత్త యవ్వారం ఏం కాదు. 2008 ఏప్రిల్‌ల అమెరికా పార్లమెంటుకు లెక్కలు తనిఖీ చేసి పెట్టే జీఏఓ ఒక రిపోర్ట్ ఇచ్చింది. 2007 జనవరి నుంచి 2008 మార్చి దాక వాళ్ళ మనుషులు మారుపేర్లతోటి ఈబే, క్రెయిగ్స్‌లిస్ట్‌ల ఒక డజన్ సామాన్లు కొన్నరు. మామూలు కొనేటోని లెక్క కొన్నరు, ఎవ్వడూ అడ్డం చెప్పలే. అండ్ల కవచం పలకలున్నయి, నైట్ విజన్ ఉన్నది, ఇన్‌ఫ్రారెడ్ గుర్తు కుట్టిన యూనిఫాం ఉన్నది. చీకట్ల మనోళ్ళెవరు, పరాయోళ్ళెవరు అని తెల్సేది ఆ గుర్తుతోనే. అది చూసే అద్దం, అది కుట్టిన బట్ట రెండూ బజార్ల దొరికితే ఏమైతదో నువ్వే ఆలోచించు. ఎఫ్-14 విమానం భాగాలు కూడ కొన్నరు. అమెరికా నేవీ 2006లనే ఆ విమానం ఆపేసింది, ఇగ అప్పటికి దాన్ని నడిపేది ఇరాన్ ఒక్కటే. కాబట్టి ఆ భాగం ఎవ్వనికి కావాలెనో వేరే చెప్పొద్దు.

2016 అక్టోబర్‌ల ఫోర్ట్ క్యాంప్‌బెల్ కేసు వచ్చింది, కెంటకీ, టెనెసీ రాష్ట్రాల సరిహద్దుల ఉన్న బేస్. ఆరుగురు సిపాయిలు, ఇద్దరు బయటోళ్ళు. పది లక్షల డాలర్లకు పైన సామాన్ ఈబేల పెట్టిండ్రని కేసు. కొన్నోళ్ళు యాడున్నరు? రష్యా, చైనా, హాంకాంగ్, ఉక్రెయిన్, మెక్సికో. సిపాయిలు తెచ్చిస్తే బయటోళ్ళు ఆన్‌లైన్‌ల అమ్మేటోళ్ళు. అండ్ల ఒకాయన మీద 2017ల విచారణ నడిచింది. ఇవి దొంగవని అనుకోలే అనే వాదన జ్యూరీ నమ్మలే.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. సర్కారు ఆస్తి దొంగతనం చట్టం, ఫెడరల్ కోడ్ 18ల 641 సెక్షన్, దొంగిలించినోన్నే కాదు, దొంగదని ‘తెలిసి’ తీసుకున్నోన్ని, దాచినోన్ని, ఉంచుకున్నోన్ని కూడ పట్టుకుంటది. విలువ వెయ్యి డాలర్లు దాటితే పదేండ్ల దాక జైలు. నువ్వు 1,100 ఇచ్చినవు కాబట్టి వెయ్యికి కొంచెమే ఎక్కువ అనుకోకు. నువ్వు ఎంతకు కొన్నవన్నది లెక్క కాదు, అసలు ధర, మార్కెట్ ధరల్ల ఏది ఎక్కువైతే అదే విలువ. నీకు ధైర్యం ఇచ్చేది ఆ ‘తెలిసి’ అన్న మాట ఒక్కటే. కొన్న నాడు నీకు తెల్వదు, ఒప్పుకుంట. కానీ టేబుల్ లైటు కింద పెట్టి చూసిన రాత్రి నుంచి? ఈడ పోస్ట్ పెట్టినంక? ‘ఉంచుకోవడం’ అనే ముక్క కూడ చట్టంల ఉన్నది. తెల్వకుండ కొన్నోడు తెల్సినంక ఏం జేసిండు అన్నదే రేపు ఎవ్వడైనా అడిగేది. బావ చెప్పినట్టు ఈబేల పెట్టినవనుకో, అప్పుడు నువ్వు కొన్నోనివి కాదు, అమ్మినోనివి.

డబ్బులు వాపస్ వస్తయా అంటే, రావు. దొంగ దగ్గర కొన్నది నీది కాదు, ఎంత నిజాయితీగ కొన్నా సరే. వాళ్ళు వచ్చి తీసుకుపోతరు, రసీదు ఇస్తరు, పైసలు ఇయ్యరు. ఎన్నేండ్లయినా సర్కారు హక్కు పోదు.

రెండో ప్రశ్న ఇంకా పెద్దది. ఇది దొంగది కాకపోయినా, షాపుల మూడు వేలు పెట్టి బిల్లుతో కొన్నా, ఈ రకం నైట్ విజన్‌ను లైసెన్స్ లేకుండ దేశం దాటించొద్దు. ఐటార్ అంటరు, ఆయుధాల ఎగుమతి నిబంధనలు. సూట్‌కేస్‌ల పెట్టుకుని విమానం ఎక్కినా ఎగుమతే, నాయనకి గిఫ్ట్ అయినా ఎగుమతే. తెలిసి చేస్తే ఇరవై ఏండ్ల దాక జైలు, పది లక్షల డాలర్ల దాక జరిమానా. షాపోడు నిన్ను సిటిజనా, గ్రీన్‌కార్డా అని ఎందుకు అడిగిండనుకున్నవు? వాని భయం గదే.

ఇంకోటి నువ్వు అడగలే, కానీ నీకు అన్నిటికన్న ముఖ్యం. ఎగుమతి చట్టం తప్పించుకునే పని చేసిన వీసా మనిషిని పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంల వేరే క్లాజ్ ఉన్నది. దానికి కోర్టుల శిక్ష పడాలె అని కూడ లేదు. ఆరేండ్ల లైన్ ఒక సూట్‌కేస్‌ల పోతది తమ్మీ.

ఇప్పుడు ఏం చెయ్యాలె అంటే, ముందుగాల క్రిమినల్, ఇమిగ్రేషన్ రెండూ తెల్సిన వకీలును పట్టు. వకీలుతోని మాట్లాడకుండ ఎవ్వనికీ ఫోన్ చెయ్యకు, బేస్‌కి అసలే పోకు. ఆయన ద్వారానే ఆర్మీ సీఐడీకి అప్పజెప్పు. మన సీఐడీ కాదు, ఆర్మీకి వేరే ఉంటది, ఆన్‌లైన్ అమ్మకాలు చూసుడు వాళ్ళ పనే. ఆ పిల్లగానితోని నడిచిన మెసేజ్‌లు, యాడ్ స్క్రీన్‌షాట్, ఆ రోజు గ్యాస్ కొట్టించిన రసీదు, ఏదీ డిలీట్ చెయ్యకు. నీకు తెల్వదని చూపెట్టేటియి అవే. పౌచ్ కూడ ఉంచు, ఫ్లాప్ కడగకు. చెత్తల పారెయ్యకు, చెర్వుల ఎయ్యకు. ఆ పిల్లగాన్ని వెతుక్కుంట పోకు.

నాయన కాలు ఎట్లున్నది ఇప్పుడు?

ఇర్వింగ్ బావ రాసింది:

అమ్మో. ఈబే మాట వెనక్కి తీసుకుంటున్నా. నా దగ్గర ఒక మిలటరీ తిండి పొట్లాల పెట్టె ఉంది, క్యాంపింగ్‌కని కొన్నా. దాని మీద ‘అమెరికా ప్రభుత్వ ఆస్తి, అమ్మడం చట్టవిరుద్ధం’ అని అచ్చు వేసి ఉంది. నవ్వుకుని తినేశా. సగం మిగిలింది. నన్ను కూడా తీసుకెళ్తారా?

సప్లై రూమ్ 92వై రాసింది:

తిన్నదానికి ఎవ్వడూ రాడు బావా. పొట్లాల మీద కూడ జీఏఓ 2006ల ఒక రిపోర్ట్ రాసింది. ఆ పొట్లం ఈబేల అమ్మొద్దు అని ప్రత్యేకంగ చట్టం లేదు, కానీ సర్కారు చేతిల నుంచి ఎట్ల బయటకొచ్చింది అన్నదే ప్రశ్న అన్నరు. కొన్ని సిపాయిలే తినకుండ దాచినయి, లేకపోతే గోదాంల నుంచి లేపినయి. మిగిలినయి అమ్మకు, తిను. చిల్లీ మాక్ ఉంటే నాకు పంపు.

ఆర్మీ వద్దనుకున్న సామాన్ బయటకు రాదని కాదు. దానికొక దారి ఉన్నది. ప్రతి సామాన్‌కి డీమిల్ కోడ్ అని ఒక అక్షరం ఉంటది. ఏ అంటే మామూలు సరుకు, వేలంల అమ్మొచ్చు. డీ అంటే ముక్కలు ముక్కలు చేసి పనికిరాకుండ నాశనం చెయ్యాలె, బయటకు పోవద్దు. వేలంల కొన్నోని దగ్గర కాయితం ఉంటది. కాబట్టి ఎవ్వని దగ్గరైనా కొనేటప్పుడు ‘కాయితం ఉన్నదా’ అని అడగాలె. కాయితం అడిగితే కోపమొచ్చేటోని దగ్గర టార్చిలైటు కూడ కొనొద్దు.

మాధవరం హవల్దార్ రాసింది:

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు, వినే ఉంటారు. మా నాన్నగారు, నేను, మా తమ్ముడు అంతా ఫౌజు వాళ్ళమే. అమెరికా చట్టం నాకు తెలియదండి, సప్లై బాబు బాగా చెప్పాడు. ఇక్కడి సంగతి ఒకటి రెండు చెబుతాను.

మన దగ్గర దొంగసొత్తు కొంటే పాత ఐపీసీలో 411, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 317 అండి. మూడేళ్ళ దాకా శిక్ష. అందులో ‘తెలిసి’ అని మాత్రమే లేదు, ‘నమ్మడానికి కారణం ఉండి’ అని కూడా ఉంది. మూడు వేల సరుకు గ్యాస్ స్టేషన్ వెనకాల వెయ్యికి ఇస్తుంటే, అది కారణం కాదా అంటారు ఇక్కడి లాయర్లు. ఏమనుకోకు బాబూ, నీ తప్పు ఎంచడానికి కాదు.

ఇంకోటి యూనిఫాం. మా మనవడు హైదరాబాద్‌లో కాలేజీ, ఆన్‌లైన్‌లో కొత్త డిజైన్ కాంబాట్ జాకెట్ కొనుక్కుని సంక్రాంతికి వేసుకొచ్చాడు. 2022 ఆర్మీ డే నాడు బయటపెట్టిన డిజైన్ అది, నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీ వాళ్ళతో కలిసి చేసింది, ఆర్మీ పేర రిజిస్టరు అయింది. బజార్లో ఎవరు పడితే వాళ్ళు కుట్టకూడదు. వీధిలోకి వెళ్తే మా వీధిలో ఎవరూ నవ్వలేదండి. మా అన్నయ్య కొడుకు కాశ్మీర్లో, కుప్వారాలో డ్యూటీలో ఉన్నాడు, వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది. వెంటనే విప్పించాను. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద పడ్డ వాళ్ళు మన ఆర్మీ బట్టల్లోనే వచ్చారు. ఆ తర్వాతే ఆ బట్ట అమ్మొద్దు, కొనొద్దు అని ఆర్మీ వాళ్ళు జనాన్నీ, షాపుల వాళ్ళనీ కోరారు. సిపాయినని నమ్మించడానికి వేసుకుంటే అదే న్యాయ సంహితలో 168 సెక్షన్, మూడు నెలల దాకా. వాడి ఉద్దేశం అది కాదు, ఫ్యాషన్ అనుకున్నాడు. అయినా చెక్‌పోస్టులో వాడి ఉద్దేశం ఎవడు అడుగుతాడండి?

నీ నైట్ విజన్ ఇక్కడ దిగిందే అనుకో బాబూ. శంషాబాద్‌లో కస్టమ్స్ వాడు తీసి చూసి ఇదెక్కడిది, బిల్లేది అంటే ఏం చెబుతావు? చేలో నాన్నగారి చేతిలో ఉండగా ఎవరైనా చూస్తే? అడివి పంది కోసం అంటే నమ్ముతారు గానీ, ఆ నమ్మేలోపు ఆయన స్టేషన్ బెంచీ మీద కూర్చోవాలి. 68 ఏళ్ళ వాడికి అది అవసరమా. మా వైపు చెరుకు తోటలకి సోలార్ ఝట్కా కంచె, అంటే తగిలితే చిన్న షాక్ కొట్టే తీగ కంచె, వేయిస్తున్నారు, దాని సంగతి అడిగి చూడు.

చెనిక్కాయ కొడుకు రాసింది, ఐదు వారాల తర్వాత:

అందరికీ చెప్పాలి కదా, అందుకే మళ్ళీ వచ్చినా.

ఆ రోజు సప్లై అన్న పోస్టు చదివినాక రాత్రంతా నిద్ర లేదు. ఆ పౌచ్‌ని గుడ్డలో చుట్టి క్లోజెట్ పైన పెట్టినా, ఇంట్లో పాము ఉన్నట్టుండేది. మూడో రోజు డాలస్‌లో ఒక వకీలు దొరికినాడు. ఒక గంట మాట్లాడినందుకే 400. ఆయన మెసేజ్‌లు అన్నీ చదివి, యాడ్ స్క్రీన్‌షాట్ చూసి, మొదట అడిగింది ఒకటే: ‘తెలిసిన తర్వాత దీన్ని ఎవరికైనా అమ్మజూపావా?’ లేదన్నా. ‘ఎక్కడికైనా పంపావా?’ లేదు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలినాడు. బావా, నీ మాట విని ఈబేలో పెట్టుంటే ఆ రెండు ప్రశ్నలకి నా జవాబు వేరేగా ఉండేది.

వకీలే వాళ్ళతో మాట్లాడి ఆయన ఆఫీసులోనే అప్పగించే ఏర్పాటు చేసినాడు. ఇద్దరొచ్చినారు, మామూలు బట్టల్లో. ఒకాయన గ్లౌజులేసుకుని సీరియల్ గీకిన చోట చిన్న టార్చి వేసి పక్కనుంచి చూసినాడు. పౌచ్ ఫ్లాప్ ఎత్తి లోపలి పేరు చూసి ఏమీ మాట్లాడలేదు, నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నన్ను ఒక గంట పైన అడిగినారు: ట్రక్కు రంగు, పిల్లోడి చెయ్యి మీద టాటూ ఉందా, ఏ గ్యాస్ స్టేషన్. గ్యాస్ కొట్టించిన రసీదు పనికొచ్చింది అన్నా, టైము దాని మీద ఉంది. ఒక కాగితం ఇచ్చినారు సంతకం పెట్టి. నా 1,100 పోయింది, వకీలుకి మొత్తం 1,600 అయింది. ఇప్పటివరకైతే ఇంక ఏమీ రాలేదు. వకీలు ‘ఊరికి పోయి రా’ అన్నాడు. గ్రీన్‌కార్డ్ లైన్ యాడుందో ఆడే ఉంది.

నాయనకి ఫోన్లో అంతా చెప్పినా. తిడతాడనుకున్నా. అంతా విని ఒక్కటే అడిగినాడు, ‘ఆ సంచి మీద పేరున్న పిల్లోడికి చేరుంటుందా మరి?’ అని. నాకు తెలీదు నాయనా అన్నా. ‘పాపం, ఆ పిల్లోడి జీతం’ అన్యాడు. సప్లై అన్నా, నీ మాటే.

కాలు నయం అయింది అన్నా, కొంచెం కుంటుతాడు. హవల్దార్ గారూ, ఝట్కా కంచె రేటు కనుక్కున్నా, ఈ తూరికి రెండెకరాలకి వేయిస్తాండాం. మిగతా రెండెకరాలకి పాత పద్ధతే. మా ఆవిడ పాత చీరలు ఆరు తీసి ఇప్పుడే బ్యాగులో పెట్టింది. ఇవి ఏ నంబరు కిందికి వస్తాయో, లైసెన్స్ కావాలో సప్లై అన్న చెప్తే జిప్పు వేస్తా.

సప్లై రూమ్ 92వై రాసింది:

8410. ఆడవాళ్ళ పైబట్టలు. జిప్పు వెయ్యి తమ్మీ.